పైరైట్‌లో ట్రేస్ మెటల్స్: ప్రోబా, లేజరా?

పైరైట్ (ఐరన్ సల్ఫైడ్ ఖనిజం) గింజల్లో కొద్దికొద్దిగా ఉండే కోబాల్ట్, ఆర్సెనిక్, గోల్డ్ చూడాలంటే ఎలక్ట్రాన్ ప్రోబా (ఎలక్ట్రాన్ బీమ్ కొట్టి, వచ్చే ఎక్స్-రేలు కొలిచేది), లేజర్ ఐసీపీ-ఎంఎస్సా (లేజర్‌తో కొంచెం లేపి, అందులోని మూలకాలు కొలిచేది) అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

స్పాట్ (ఒక్కసారి కొలిచే చోటు సైజు): ప్రోబ్‌ది ఒకట్రెండు మైక్రాన్లు, లేజర్‌ది మామూలుగా 20-50.
లిమిట్ (ఎంత తక్కువ దాకా కనిపెట్టగలదు): ప్రోబ్ దాదాపు 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) దగ్గర ఆగిపోద్ది, లేజర్ 1 పీపీఎం కిందకీ దిగుద్ది.
శాంపిల్: ప్రోబ్‌కి పాలిష్, కార్బన్ కోటింగ్ చాలు, గింజ అలాగే ఉంటది. లేజర్ గుంట తవ్వేస్తది.

రిస్క్ రెండిట్లోనూ ఉంది. ప్రోబ్‌లో ఐరన్ ఎక్స్-రే పీక్ ఒకటి (కే-బీటా) కోబాల్ట్ పీక్ (కే-ఆల్ఫా) మీద పడుద్ది, కరెక్షన్ చెయ్యకపోతే లేని కోబాల్ట్ ఉన్నట్టు చూపిస్తది. లేజర్‌తో తలనొప్పి వేరే, నెవాడా కార్లిన్ డిపాజిట్లలో గోల్డ్ ఎక్కువగా పైరైట్ గింజ చుట్టూ ఆర్సెనిక్ ఉన్న సన్న రిమ్‌లోనే (అంచులోనే) కదా, పెద్ద స్పాట్ పెడితే లోపలి కోర్ కూడా కలిసిపోయి సరాసరి నంబర్ వస్తది.

జోనింగ్ (గింజలో పొరపొరకీ ఉండే తేడా) కావాలంటే ప్రోబ్. తక్కువ గోల్డ్, థాలియం అయితే లేజరే. రెండూ దొరికితే మాత్రం ప్రోబ్ మ్యాప్ ముందు తియ్యండి, గుంటలు పడ్డాక కుదరదు.