మూడు హార్ట్స్ మీద డబుల్: సాధనకు డీలర్ ప్రోగ్రామ్ ఎంతవరకు పనికొస్తుంది

బ్రిడ్జ్ పేకాటలో ప్రత్యర్థి మూడు హార్ట్స్‌తో ఓపెన్ చేశాక (అంటే వేలాన్ని ఆ బిడ్‌తో మొదలుపెట్టాక) పార్ట్‌నర్ డబుల్ అంటే ఏమిటని అడిగితే ఏ జతైనా "టేకౌట్" (ప్రత్యర్థి రంగు కాక నీ మంచి రంగు చెప్పు అని) అనే చెబుతుంది. ఎన్ని పాయింట్లతో (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1), ఏ ఆకారంతో (ఏ రంగులో ఎన్ని ముక్కలతో) అని అడిగితే మాత్రం ఇద్దరి జవాబులూ కలవవు. ఆ తేడాను పోటీకి ముందే బయటపెట్టడానికి హాన్స్ వాన్ స్టావెరెన్ రాసిన డీలర్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలా మంచి పనిముట్టు. షరతులు టెక్స్ట్‌గా రాసిస్తే ముక్కలు మళ్లీ మళ్లీ కలిపి పంచుతుంది, షరతులకు సరిపోయిన పంపకాలనే చూపిస్తుంది. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు.

మొదటి స్క్రిప్ట్ ఇలా మొదలుపెట్టండి. ఓపెన్ చేసేది వెస్ట్, అతని జత ఈస్ట్; డబుల్ చేసేది నార్త్, అతని పార్ట్‌నర్ సౌత్. వెస్ట్‌కి సరిగ్గా 7 హార్ట్స్, 5 నుంచి 9 పాయింట్లు, హార్ట్స్‌లో ఆసు, రాజు, రాణిలో కనీసం రెండు. నార్త్‌కి 1 హార్ట్, 4 స్పేడ్స్, డైమండ్స్‌, క్లబ్స్ కనీసం మూడేసి, 13 నుంచి 16 పాయింట్లు. ప్రొడ్యూస్ (చూపించాల్సిన పంపకాలు) 25, జెనరేట్ (అందుకోసం పంచి చూసే గరిష్ఠ పంపకాలు) కోటి. ఇంత బిగువు షరతులకు జెనరేట్ పదివేలే ఇస్తే ఒక్క పంపకం కూడా రాకపోవచ్చు. అప్పుడు ప్రోగ్రామ్‌ని తప్పుపట్టకండి.

ఈస్ట్, సౌత్ చేతులకు ఏ షరతూ పెట్టకూడదు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. సౌత్‌కి 8 పాయింట్లు ఉండాలని రాశారంటే ఎక్కువ పంపకాల్లో గేమ్ (బోనస్ తెచ్చే కాంట్రాక్ట్) కనిపిస్తుంది, డబుల్ ఎప్పుడూ సురక్షితమేనన్న తప్పుడు నమ్మకం కుదురుతుంది. వెస్ట్‌కి 7, నార్త్‌కి 14 పోతే మొత్తం 40 పాయింట్లలో మిగిలేవి 19, అంటే సౌత్‌కి సగటున 9.5. అది సగటే కాబట్టి డబుల్ చేసేవారు పార్ట్‌నర్ దగ్గర 7, 8 మాత్రమే ఊహించుకోవాలి. అందుకే సౌత్ చేతిలో ఐదు స్పేడ్స్, 10 పాయింట్లు ఉంటే మూడు స్పేడ్స్ చాలదు, నాలుగు చెప్పాలి. మూడు స్పేడ్స్ ఏమీ లేని చేతితోనూ చెప్పక తప్పని బిడ్.

స్క్రిప్ట్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. వెస్ట్‌కి 7, నార్త్‌కి 1 పోగా మిగిలిన 5 హార్ట్స్‌లో సౌత్‌కి నాలుగో అయిదో వచ్చే అవకాశం సుమారు 16 శాతం. కొన్ని వేల పంపకాలు తీయించి, అలాంటివి ఎంత శాతమో యావరేజ్ అడగండి. ఆ అంకెకు దూరంగా వస్తే ఎక్కడో సౌత్ మీదో ఈస్ట్ మీదో షరతు దూరిపోయిందన్నమాట.

ఆ నాలుగు హార్ట్స్ ఉన్నా సౌత్ పాస్ చెప్పి డబుల్‌ని పెనాల్టీగా (వెస్ట్ ఓడితే ఎక్కువ పాయింట్లు రాబట్టేదిగా) మార్చడం అంత తేలిక కాదు. వెస్ట్ ఆడేది సౌత్ తర్వాత, కాబట్టి రాజు, జాకీ ఉన్న తురుపు (ఇక్కడ హార్ట్స్) వెస్ట్ ఆసు, రాణి కింద నలిగిపోతుంది. రాణి, జాకీ, పది, తొమ్మిది లాంటి వరస అయితే నిలబడుతుంది. అదే తురుపు నార్త్ చేతిలో ఉంటే వెస్ట్ మీద కూర్చుంటుంది. నార్త్ పాస్ చెప్పి, సౌత్ తన వంతులో డబుల్ చేసే వరకు ఆగాలి. ఈ రెండో పరిస్థితికి వేరే స్క్రిప్ట్ రాయండి, సౌత్‌కి కనీస పాయింట్లు 10, 11కి దించండి. పంపకాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

ఈస్ట్‌కి నాలుగు హార్ట్స్ వచ్చిన పంపకాలను తీసేయొద్దు. అక్కడ ఈస్ట్ నాలుగు హార్ట్స్ అనడం సహజం, దాని మీద సౌత్ డబుల్ రెస్పాన్సివ్ (పెనాల్టీ కాదు, నీ రంగు చెప్పు అనేది) అని ముందే ఒప్పుకుని ఉండాలి. చాలా జతలు ఈ మాటే మాట్లాడుకోవు.

నార్త్‌కి బలమైన చేయి, అంటే డబుల్ చేసి తర్వాత సొంత రంగు చెప్పే 18కి పైబడిన చేయి, కూడా చేర్చాలంటే 'ఆర్' (లేదా) వాడాలి. నార్త్ షరతులన్నిటినీ ఒకే బ్రాకెట్‌లో పెట్టండి. లేకపోతే 'అండ్' (మరియు) ముందుగా పట్టుకుంటుంది, రెండో భాగానికి వెస్ట్ షరతులు వర్తించవు, ప్రీఎంప్టే (వెస్ట్ మూడు హార్ట్స్ బిడ్) లేని పంపకాలు వచ్చిపడతాయి.

ప్రత్యర్థి నాలుగు స్పేడ్స్‌తో ఓపెన్ చేస్తే స్క్రిప్ట్ పూర్తిగా మార్చాలి. అక్కడ డబుల్ అంటే పెద్ద ముక్కలున్నాయని చెప్పుకోవడం మేలు: 16కి పైగా, స్పేడ్స్ ఒకటి నుంచి మూడు. సౌత్‌కి గట్టి ఆకారం లేకపోతే పాస్.

డీలర్‌కి ఉన్న లోపం పెద్దదే. బిడ్డింగ్ అర్థాలు దీనికి తెలియవు, మీరు రాసిన షరతు తప్పయితే తప్పు సాధనే చేయిస్తుంది. ఇన్‌స్టాల్ చేయడం కష్టమైతే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ సైట్ టేబుల్స్‌లో ఇదే భాషలో షరతులు ఇవ్వొచ్చు. 25 పంపకాలను ఇద్దరూ విడివిడిగా బిడ్ చేసి, జవాబులు కలవని చోట మాత్రమే ఆగి మాట్లాడుకోండి.