బౌద్ధం మీద పని చేసేవాళ్లు ఎక్కడ దిగాలి: సారనాథ్‌లోనా, నాలందాలోనా?

బౌద్ధ అధ్యయనాల్లో పరిశోధన మొదలుపెట్టినవాళ్లు సారనాథ్, నాలందా రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడాలనుకుంటారు. నేనూ, నా తోటి స్కాలరూ అలాగే వెళ్లాం. చూడటానికి రెండూ గొప్పవే. కానీ కూర్చుని చదువుకోవడానికి, పండితులతో పరిచయాలు పెంచుకోవడానికి అయితే సారనాథ్‌కే ఎక్కువ రోజులు ఇవ్వమంటాను.

సారనాథ్ వారణాసికి పది కిలోమీటర్ల దూరం. చాలామంది కాశీలో గది తీసుకుని రోజూ వచ్చిపోతుంటారు. పని ఉన్నవాళ్లు అలా చేయకండి, ఆ ట్రాఫిక్‌లో పొద్దుటి పూటంతా పోతుంది. సారనాథ్‌లోనే థాయ్, బర్మా, టిబెట్, జపాన్ వాళ్ల విహారాలున్నాయి. కొన్నింటిలో గదులిస్తారు. మేం దిగిన విహారంలో గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. రాత్రి గేటు త్వరగా వేసేస్తారు. అయినా నాకు అదే నచ్చింది, ఎందుకంటే భోజనాల దగ్గర అందరూ కలుస్తారు. పక్కన కూర్చున్న భిక్షువు పాళీ అభిధర్మం (బౌద్ధ తత్త్వ విశ్లేషణ గ్రంథాలు) మీద పనిచేస్తున్నారని తెలిసింది. మర్నాడు ఆయనే మమ్మల్ని తన గురువుగారి దగ్గరికి తీసుకెళ్లారు. సెమినార్లో టీ విరామంలో కార్డులు ఇచ్చిపుచ్చుకుంటే ఇంత దగ్గరితనం రాదు.

ఇక్కడ అసలు నిధి 1967లో మొదలైన కేంద్రీయ ఉన్నత టిబెటన్ అధ్యయన సంస్థ, అందులోని శాంతరక్షిత గ్రంథాలయం. సంస్కృతంలో పోయిన గ్రంథాలను టిబెటన్ అనువాదాల నుంచి తిరిగి సంస్కృతంలోకి తెచ్చే పని ఇక్కడ దశాబ్దాలుగా జరుగుతోంది. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే సుహృల్లేఖ మూలం మనకు పూర్తిగా దక్కలేదు. అది టిబెటన్, చైనా అనువాదాల్లో బతికింది. మన నేల రాజుకు రాసిన ఉత్తరం కోసం నేను ఇంతదూరం వచ్చాను. దెర్గెలో అచ్చయిన తెంగ్యూర్‌లో, అంటే భారతీయ ఆచార్యుల గ్రంథాల టిబెటన్ అనువాదాల సంకలనంలో, అది తొహోకు సూచిక (ఆ గ్రంథాలకు వరుస నంబర్లిచ్చిన జాబితా) ప్రకారం 4182. ఇలా నంబరు చెబితే వెతకడం సులువు. గుడ్డ విప్పి, పొడవాటి విడి ఆకుల్ని బల్ల మీద పెట్టారు. నేను కూడబలుక్కుంటూ మొదటి శ్లోకం చదువుతుంటే, ఎదురు బల్ల దగ్గరున్న ఒక గెషే (టిబెటన్ బౌద్ధ విద్యలో పెద్ద పట్టా పొందిన పండితుడు) తల ఎత్తకుండానే తర్వాతి పాదం అందుకున్నారు. ఆ మధ్యాహ్నం నా పనంతా పక్కన పెట్టి ఆయన చెప్పేది రాసుకున్నాను.

నాలందాకు వారణాసి మీదుగా రాజగిర్ దాకా వెళ్లే శ్రమజీవి ఎక్స్‌ప్రెస్ ఉంది. చలికాలం పొగమంచుకి రైళ్లు బాగా ఆలస్యమవుతాయి, అదే రోజు ఎవరితోనూ అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి. శిథిలాల దగ్గరే, 1951లో భిక్షు జగదీశ్ కాశ్యప్ స్థాపించిన నవ నాలందా మహావిహారం ఉంది. పాళీ త్రిపిటకాన్ని, అంటే బౌద్ధుల మూల గ్రంథాలను, 41 సంపుటాల్లో దేవనాగరి లిపిలో అచ్చువేసింది వీళ్లే. పాళీ మీద పనిచేసేవాళ్లు తప్పకుండా వెళ్లాలి. మాకు అక్కడ ఒక అధ్యాపకులు ఓపిగ్గా గంటసేపు సమయమిచ్చారు.

బస దగ్గరే టెన్షన్. మేం రాజగిర్‌లో ఒక హోటల్లో దిగాం. వైఫై ఉందన్నారు, ఒక్క పూట కూడా పనిచేయలేదు. రాత్రంతా టూరిస్టు బస్సుల హారన్లు. నాలందాకు పన్నెండు కిలోమీటర్ల దాకా షేర్ ఆటోలో వెళ్లిరావాలి, సాయంత్రమైతే ఆటోలు తగ్గిపోతాయి. ఈ ఊళ్లో పుస్తకం తెరిచే ఓపికే మిగల్లేదు. 2024లో ప్రారంభమైన నాలందా విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణాన్ని దారిలో బయటి నుంచి చూశాం, అంతే.

సారనాథ్, నాలందా మ్యూజియాలు రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే లోసార్ (టిబెటన్ కొత్త సంవత్సరం) రోజుల్లో టిబెటన్ సంస్థల్లో పని పెట్టుకోవద్దు. మీ పరిశోధన గైడ్ సంతకంతో లెటర్‌హెడ్ మీద ఉత్తరం ముందే మెయిల్ చేసి, ఒక ప్రింటు చేతిలో ఉంచుకోండి. మీ అంశాన్ని హిందీలో ఒక పేజీ రాసి తీసుకెళ్లండి. పెద్దవయసు గెషేలతో మాట్లాడేటప్పుడు మాకు ఇంగ్లిష్ కంటే హిందీయే ఎక్కువ ఉపయోగపడింది.