విశాఖ–సింగపూర్ డైరెక్ట్ ఫ్లైట్: ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అమ్మతో వెళ్లొచ్చాక

టికెట్ మీద రాత్రి 11:00కి బయల్దేరి పొద్దున్న 5:45కి దిగుతుందని చూసి అమ్మ "ఏటిరా, ఏడు గంటలు గాల్లోనేనా?" అని బెంబేలెత్తిపోయింది. కాదు. దిగే టైం సింగపూర్ టైం, అది మనకంటే రెండున్నర గంటలు ముందు, తీసేస్తే మిగిలేది నాలుగుంబావు. తిరుగు టికెట్ మీద రాత్రి 8:45కి ఎక్కి 10:20కి విశాఖలో దిగుతామని ఉంటే మా బావ, వచ్చేటప్పుడు ఇంత స్పీడా అన్నాడు.

దూరం దాదాపు 2,900 కిలోమీటర్లు. బంగాళాఖాతం మీదుగా అడ్డంగా గీత గీస్తే సగం దారిలో నికోబార్ దీవులు తగులుతాయి, మేం వెళ్లింది రాత్రి కాబట్టి కిటికీలో రెక్క చివర లైటు తప్ప ఏమీ కనపడలేదు. భువనేశ్వర్ నుంచి లెక్కేసినా దూరం ఇంచుమించు అంతే, కాబట్టి మ్యాప్ చూసి బుర్ర పాడు చేసుకోకండి, ఇంటి నుంచి ఏ ఎయిర్‌పోర్టు దగ్గరో అది చూసుకోండి. మాకు విశాఖే దగ్గర. అయినా మధ్యాహ్నం రెండుకి కారెక్కి, పాతపట్నం మీదుగా హైవే పట్టి, నరసన్నపేటలో టీ తాగి ఎయిర్‌పోర్టు చేరేసరికి ఏడయింది, అంటే సముద్రం దాటడానికి పట్టిన టైం కంటే విశాఖ చేరడానికే ఎక్కువ పట్టింది! ఈ ఫ్లైటుని భోగాపురం ఎయిర్‌పోర్టు నుంచి నడిపితే మా వైపు వాళ్లకి కొంత కలిసొస్తుంది.

ఇక ఫ్లైట్ సంగతి. అరగంట లేటుగా కదిలింది, తీరా చూస్తే సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో 5:55కి దించేశాడు, పది నిమిషాలే తేడా. టికెట్ మీద రాసే టైంలో రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, దిగాక గేటు దొరకడం అన్నీ కలిపే వేస్తారు, అందుకే కొంత సర్దుకుంటుంది. చవక రకం ఫ్లైటు కాబట్టి తిండి, సీటు, పెద్ద బ్యాగు అన్నిటికీ విడిగా కట్టాలి. సీటుకి డబ్బులెందుకులే అనుకున్నాను, అమ్మని నాకు తొమ్మిది వరసల వెనక పడేశారు. పక్కనున్న ఒడియా కుర్రాడు అడక్కుండానే లేచి సీటు మార్చుకున్నాడు గానీ కౌంటర్లో అడిగితే మాత్రం "సిస్టం ఒప్పుకోదు" అన్న ఒక్క మాటే. కాళ్లు చాపుకునే చోటు తక్కువ, ఏసీ చలి ఎక్కువ, శాలువా పట్టుకెళ్లండి.

ఆవకాయ డబ్బా చేతి బ్యాగులో పెట్టింది అమ్మ. సెక్యూరిటీలో ఆపేశారు, నూనె ఊరే పచ్చడి ద్రవం కిందే లెక్కట, వంద మిల్లీలీటర్లు దాటకూడదు. అక్క కోసం పట్టుకెళ్లిన పలాస జీడిపప్పు మాత్రం దాటింది. మొత్తమ్మీద ఈ ఫ్లైటుకి ఐదుకి మూడున్నర మార్కులిస్తాను, ఆ అర కూడా డైరెక్ట్ కాబట్టే, మధ్యలో ఎక్కడా దిగి మారే పని లేదు.