బువ్వకు కాటా: రూ. 740 వంటింటి తూకం మిషన్, నాలుగున్నరేళ్ళ వాడకం తర్వాత

కర్నూలు మార్కెట్ యార్డులో ఇరవై రెండేళ్ళుగా నా పని కాటా పక్కనే. ఉల్లిగడ్డల సంచి ఎక్కుతుంది, అంకె చూస్తా, చిట్టాలో రాస్తా, సంచి దిగుతుంది. సంచిలో అర కిలో తేడా ఉంటే హమాలీ భుజం వంగిన తీరు చూసి చెప్పేస్తా. అలాంటి నాకు నా కంచంలోకి ఎంత వస్తోందో మాత్రం 44 ఏళ్ళు నిండేదాకా తెలీదు. 2021 ఫిబ్రవరిలో షుగర్ పరీక్షకు పోయి అక్కడి మిషన్ ఎక్కితే 91 కిలోలు చూపింది. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. షుగర్ ఇంకా గీత దాటలేదుగానీ గీత మీదే కూర్చుందన్నారు.

ఆ నెలలోనే ఈ కాటా కొన్నా. పైన స్టీలు పలక, కింద చిన్న అంకెల అద్దం, వేలెడంత సన్న బ్యాటరీలు రెండు. ఒక గ్రాము నుంచి 5 కిలోల దాకా తూస్తుంది. కంపెనీ పేరు రాయను. ఇదే మిషన్ పది పేర్లతో అమ్ముతున్నారు, లోపల సరుకు ఒకటేనని నా అనుమానం. ఇంటికి తెచ్చిన రోజు మా ఆమె అన్న మాట: “యార్డులో చాల్లేదని ఇంటికి కూడా తెచ్చినారా కాటా?”

ముందే ఒక మాట. దీంతో 14 నెలల్లో 77కు దిగాను, అది నిజమే. అయితే నేను రాసేది దాని గురించి కాదు. తగ్గడానికి సవాలక్ష దారులున్నాయి, జ్వరమొచ్చినా తగ్గుతారు. తగ్గినాక ఈ మూడేళ్ళకు పైగా, మధ్యలో ఒకసారి జారినా, 76కు, 79కి మధ్యలో నిలబెట్టుకోవడంలో ఈ మిషన్ ఎంత పనికొచ్చింది, ఎక్కడ విసిగించింది అనేదే నా లెక్క.

తూకం సరిగ్గా ఉందా? ఉంది. మా మండీలో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఇనుప రాళ్ళున్నాయి. 500 గ్రాముల రాయి ఇంటికి తెచ్చి పెడితే 500 చూపింది, 200 రాయికి 201. ఆరు నెలలకోసారి ఈ పరీక్ష చేస్తుంటాను. బ్యాటరీ చచ్చిపోయే ముందు మాత్రం దీనికి మతి పోతుంది. ఒకసారి 500 రాయిని 488 అంది. బ్యాటరీ మారిస్తే మళ్ళీ దారికొచ్చింది. ఇప్పటికి ఐదు జతలు మార్చాను.

గిన్నె బరువు తీసేసే బటన్ ఉంది చూడండి, దాన్ని టేర్ అంటారు. మా పాత త్రాసుల కాలంలో పాసంగం కట్టడం అనేవాళ్ళం. ఖాళీ కంచం పెట్టి నొక్కితే సున్నా. బువ్వ పెట్టి చూసుకుని మళ్ళీ నొక్కితే మళ్ళీ సున్నా, దాని పక్కన పప్పు. ఒకే కంచంలో నాలుగు తూకాలు. ఇంతవరకూ బాగుంది. నూనె దగ్గరే మొదటి తంటా. బాణలి పెట్టి సున్నా చేసి సన్నగా నూనె పోస్తుంటే అంకె కదలదు. మిషన్ తనంతట తను సున్నా సరిచేసుకునే గుణం వల్ల, మెల్లగా పడే రెండు మూడు గ్రాములను లెక్కలోకి తీసుకోకుండా మింగేస్తుంది. నెల రోజులు మోసపోయాక ఉపాయం దొరికింది. బాణలి కాదు, నూనె సీసానే కాటా మీద పెట్టి సున్నా చేయాలి. సీసా తీసుకుపోయి కావలసినంత పోసి, తెచ్చి మళ్ళీ పెట్టాలి. మైనస్ 14 అని చూపిస్తే 14 గ్రాములు బాణలిలోకి పోయినట్టు. నెయ్యి డబ్బాకైనా బెల్లం డబ్బాకైనా ఇదే పద్ధతి. ఈ ఒక్క ఉపాయానికి పెట్టిన 740 రూపాయలూ చెల్లిపోయాయనుకుంటా.

నూనె లెక్క పూర్తిగా చెప్పాల్సిందే. ఇంట్లో నలుగురం, నెలకు ఐదు లీటరు ప్యాకెట్లు. ప్యాకెట్ మీద చూడండి, లీటరంటే 910 గ్రాములు. మొత్తం 4,550. నలుగురికి ముప్పై రోజులు పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. కొవ్వు గ్రాముకు 9 క్యాలరీలు, అంటే 340 పైన. వంద గ్రాముల బియ్యంలో ఉండేది 356. అంటే రోజూ ఇంకో గ్లాసు బియ్యం ఎవరికీ కనపడకుండా లోపలికి పోతోంది! నేనేమో రాత్రిపూట బువ్వ మానేసి, పొగరుగా రెండు జొన్న రొట్టెలు తిని, వాటి మీదికి నూనె తేలే గుత్తి వంకాయ వేసుకునేవాణ్ణి. ఇప్పుడు నెలకు మూడు ప్యాకెట్లే. ఇది సాధించడానికి ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో వేరే కథ.

జొన్న రొట్టె అన్నాను కాబట్టి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2017లో 528 ఆహారాల పట్టిక వేశారు. మా అన్న కూతురు న్యూట్రిషన్ చదువుతోంది, ఆ పాపే ఫోన్లో పంపింది. అందులో అంకెలు కిలోజౌళ్ళలో ఉంటాయి, క్యాలరీలు కావాలంటే 4.184తో భాగించుకోవాలి. అలా చూస్తే వంద గ్రాములకు బియ్యం 356, జొన్నలు 334, రాగులు 321. ఇంతేనా తేడా అని కాసేపు అలాగే కూర్చున్నా. సంగటి ముద్ద తింటే త్వరగా కడుపు నిండుతుంది, మధ్యాహ్నం దాకా ఆకలి రాదు, అది నిజం. సంగటి కాబట్టి మూడు ముద్దలు తినొచ్చు అనుకోవడం మాత్రం నా సొంత కవిత్వం. వేరుశనగ విత్తనాలు 520. మా వైపు వాటిని బుడ్డలంటాం, మాటల్లో పడి ఒలుచుకుంటూ పోతే పిడికిలి ఎన్నిసార్లు నిండిందో దేవుడికెరుక. తెలిసింది కాటా పెట్టాకే: నా పిడికిలి 34 గ్రాములు.

ఆ పట్టికలో ఉన్నవి పచ్చి సరుకులు. ఉగ్గాని అని వెతికితే దొరకదు. ఫోన్ యాప్‌లో దొరుకుతుందని అదీ వేసుకున్నా. పొద్దున ఉగ్గాని కంచం తూచి, యాప్‌లో బొరుగులు అని కొట్టి, 170 గ్రాములు అని రాశాను. దాదాపు 600 క్యాలరీలంది! బజ్జీ ముట్టకుండా, ముఖం వేలాడేసుకుని యార్డుకు పోయాను. వారం తర్వాత బుర్ర వెలిగింది. బొరుగులను నీళ్ళలో తడిపి పిండుతాం కదా, నేను తూచింది నీళ్ళను. పొడి బొరుగులు తూస్తే 60 గ్రాములే, 210 క్యాలరీల లెక్క. పోపు నూనె, పుట్నాల పొడి కలిపినా 350కి అటూ ఇటూ. అన్నానికీ ఇదే గొడవ, వండినాక రెండున్నర రెట్లకు పైగా తూగుతుంది. అందుకే పొడిగా ఉన్నప్పుడే తూయాలి, ఇంటిల్లిపాదికి కలిపి తూసి వాటా వేసుకోవాలి. యాప్‌లో ఎవరు పడితే వాళ్ళు అంకెలు ఎక్కించినట్టున్నారు, దోసె అని కొడితే ఒకచోట 120, ఇంకోచోట 400. డబ్బు కట్టే యోచన ఉంటే మానుకోండి. మూడు నెలలకే తీసేసి రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకున్నా. మండీ పద్ధతే: రోజుకు చిట్టా, వారానికి ఆవర్జా, అంటే పద్దులవారీ ఖాతా.

బజ్జీ సంగతి కూడా తేల్చాను, కర్నూలోణ్ణి కదా, అది తేల్చకుండా ఉండలేను. ఒక ఆదివారం నూనెతో సహా బాణలిని వేయించక ముందు తూచి, పదహారు మిరపకాయ బజ్జీలు తీశాక పూర్తిగా చల్లారబెట్టి మళ్ళీ తూచా. 110 గ్రాములు తగ్గింది. బజ్జీకి ఏడు గ్రాముల నూనె. మాది తాజా నూనె, బాగా కాగిన నూనె, మీ ఇంట్లో వేరేగా రావచ్చు. ఇప్పుడు ఉగ్గానితో ఒక బజ్జీ తింటాను. రెండోది తింటే రాస్తాను. తినకూడదని ఏమీ లేదు, రాయకుండా తినకూడదు, అంతే. వేడి బాణలిని మాత్రం దీని మీద పెట్టకండి, మా ఆమె ఒకసారి పెడితే అంకెల అద్దం ఒక మూల నల్లబడింది. ఏడున్నా మూడున్నా ఇప్పుడు ఒకలాగే కనిపిస్తాయి.

అన్నిటికన్నా చిరాకు, తనంతట తనే ఆఫ్ అయిపోవడం. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే చాలు. గిన్నె పెట్టి, సున్నా చేసి, గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చుంటామా, తిరిగి చూస్తే ఆరిపోయి ఉంటుంది. మళ్ళీ వెలిగిస్తే గిన్నె బరువు మర్చిపోయి ఉంటుంది. యార్డులో ఇలా చేసే కాటా అయితే రైతులు మమ్మల్ని తన్నేవాళ్ళు.

ఇంకో విషయం, కాటా తప్పు కాదు, నాదే. 2022లో ఉగాదికి ఆదోనిలో అత్తగారింటికి పోతూ దీన్ని సంచిలో పెట్టుకుపోయా. కంచం ముందర కాటా పెట్టేసరికి మా అత్త నాతో ఏమీ అనలేదు. లోపలికి పోయి కూతురితో అంది: “ఏమ్మే, మన ఇంట్లో తూకం తక్కువ పెడ్తామని అనుమానమా మీ ఆయనకు?” నాకు వినపడేలాగే. ఆ రోజు భక్ష్యాలు మూడు తిన్నా, తూయకుండా. ఆ తర్వాత కాటా గడప దాటలేదు. బయట తిన్నది లెక్కపెట్టి రాస్తానే తప్ప తూయను. భక్ష్యాలు 3 అని రాస్తే చాలు.

రాసేది కూడా నిజం రాయాలి. 1992లో అమెరికాలో ఒక పరీక్ష చేశారట, కొద్దిగానే తింటాం అయినా తగ్గడం లేదు అనేవాళ్ళ మీద. తిన్నదానికన్నా సగటున 47 శాతం తక్కువ రాశారని తేలింది. అబద్ధం చెప్పాలని కాదంట. మా అన్న కూతురు ఇది చెప్పి, “నువ్వూ అంతే చిన్నాయనా” అంది. కోపమొచ్చింది. ఆ వారమంతా వంటింట్లో నిలబడి నోట్లో వేసుకున్నవి కూడా రాశాను: కంచంలో పిల్లలు వదిలిన ముద్ద, మజ్జిగలో నంజుకున్న బూందీ, టీలు రోజుకు ఐదు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. పాప చెప్పింది నిజమే. సరుకులో సగం చిట్టాకు ఎక్కకపోతే మా యార్డులో లైసెన్సు పోతుంది.

2023 వేసవిలో మా పెద్దమ్మాయి పెళ్ళి. మూడు నెలలు నోటుబుక్కు తెరవలేదు, కాటా అటక మీద ఉంది. పెళ్ళి తిండి వల్ల పెరుగుతాననుకున్నా. పెళ్ళి రోజుల్లో నిలబడి ఏదో ఇంత తిన్నా, అంతే. పెరిగింది పెళ్ళయ్యాక, మిగిలిన లడ్లు, కారాలు డబ్బాల్లో ఇంట్లో ఉన్న ఆరు వారాల్లో. ప్యాంటు బిగుసుకుంటే ఉతికితే కుంచించుకుపోయిందన్నా. మిషన్ ఎక్కితే 82.4. తగ్గిన ఒళ్ళు పాత ఒళ్ళంత ఖర్చు పెట్టదు, ఆకలి మాత్రం పాత ఇంటి అద్దెలాగే అడుగుతుంది. 91 కిలోల మనిషి తిన్నంత 77 కిలోల మనిషి తింటే నిలవదని మొదటిసారి ఒంటికి తెలిసింది అప్పుడే. ఆ ఐదు కిలోలు దించడానికి ఏడు నెలలు పట్టింది.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. నెలలో మొదటి వారం అన్నీ తూస్తాను. మిగతా మూడు వారాలు నూనె, బుడ్డలు, బెల్లం చక్కెరలు మాత్రమే. బువ్వ, పప్పు, కూరాకు అయితే చెయ్యి ఇప్పటికే నేర్చేసుకుంది, గరిటె ఎత్తితే పదీ ఇరవై గ్రాముల లోపల చెప్పగలను. నూనెను చెయ్యి ఎప్పటికీ నేర్చుకోదు, నాలుగున్నరేళ్ళ తర్వాత కూడా 10 అనుకుంటే 17 ఉంటుంది. పొద్దున్నే ఒళ్ళు తూసుకుని వారానికి సగటు వేసుకుంటా. ఊరగాయ, అప్పడాలు దంచిన మర్నాడు కిలో పెరిగితే అది ఉప్పు పట్టుకున్న నీళ్ళు, దానికి ఏడవనక్కర్లేదు. సగటు 79 దాటితేనే అన్నీ తూసే వారం మళ్ళీ మొదలు.

అమెరికాలో 1994 నుంచి ఒక జాబితా నడుస్తోంది, 13.6 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ళది. అందులో నూటికి 75 మంది వారానికి ఒకసారైనా ఒళ్ళు తూసుకుంటారట. తూసుకున్నందుకే నిలబడ్డారా, నిలబడే గుణమున్నవాళ్ళే తూసుకుంటారా అనేది ఆ జాబితాను బట్టి తేలదు. నా మట్టుకు నాకు, తూసుకోని మూడు నెలల లెక్క పైన చెప్పాను.

ఎవరికి వద్దు? తిండి విషయంలో ఇప్పటికే భయం ఉన్నవాళ్ళకు, ఒక ముద్ద ఎక్కువైతే రాత్రి నిద్ర పట్టనివాళ్ళకు కొనివ్వకండి. వయసు పిల్లలున్న ఇంట్లో పిల్లల కంచం పక్కన పెట్టకండి. మా చిన్నోడు నన్ను చూసి వాడి దోసె తూయబోతే ఆ రోజే కాటాను పైఅరలోకి మార్చాను. షుగర్ మందులు వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు డాక్టర్ని అడగాలి.

కొనేటప్పుడు స్టీలు పలక ఉన్నదే తీసుకోండి, గాజుది కడగడానికి బాగుంటుందిగానీ మన బాణలులకు ఆగదు. కొన్న రోజే కిరాణా అంగడిలో ముద్ర రాయి అడిగి సరిచూసుకోండి, ఇవ్వనంటే ఆ అంగట్లో సరుకు కొనడం గురించి కూడా ఆలోచించుకోండి. తూకానికి, ధరకు ఐదుకు నాలుగు మార్కులు. పోయిన ఆ ఒక్కటీ గోరుచిక్కుళ్ళు తుంచేటప్పుడు ఆరిపోయినందుకు.