చైన్ కోత మిషన్: గోదావరి చేలల్లో ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది ఆచంట వైపు, సార్వా (ఖరీఫ్) దాళ్వా (రబీ) రెండూ వరే. చాలా ఏళ్లుగా కోతలు చైన్ మిషన్‌తోనే, అంటే టైర్ల బదులు చైన్ పట్టాల మీద నడిచి, కోత నూర్పు ఒకేసారి చేసే మిషన్, సొంతం కాదు, గంటల లెక్కన అద్దెకి. ముందే చెప్పేస్తున్నా, మిషన్ పెట్టినంత మాత్రాన ఎకరాకి ఒక్క బస్తా కూడా ఎక్కువ పండదు, దానికి విత్తనం, నీళ్లు, ఎరువు చూసుకోవాలి. మిషన్ చేసేదల్లా పండినదాన్ని త్వరగా మన చేతిలో పెట్టడం. మన డెల్టాలో ఆ త్వరకే విలువ.

ఎందుకంటే సార్వాలో మేం వేసే స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, దగ్గర దగ్గర 150 రోజుల పంట, అది కోతకొచ్చేదీ తుఫాన్లు వచ్చేదీ ఒకటే టైం. చేత్తో కోయిస్తే పనలు (కోసి పరిచిన వరి) మూడు నాలుగు రోజులు చేలో ఆరాలి, తర్వాత కట్టలు కట్టాలి, కుప్ప వెయ్యాలి, నూర్పించాలి, ఈలోపు వాన పడిందా పనల మీదే మొలకలొచ్చేస్తాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి ముందు మా పల్లం చేను మిషన్‌తో కోయించేసి ధాన్యం బరకాల (టార్పాలిన్ పట్టాల) కింద పెట్టుకున్నాం, పచ్చి గింజే అయినా చేతికొచ్చింది. పక్కన కోయని చేలు నేలకి పడిపోయి నీళ్లలో నానాయి, ఆ రైతుల్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది.

టైర్ మిషనా, చైన్ మిషనా అని చాలామంది అడుగుతారు. దాళ్వాకి, కాలవలు కట్టేసి నేల గట్టిపడ్డాక, మడి పెద్దదైతే టైర్ మిషనే పెట్టండి, దాని బార్, అంటే ముందుండే కోత కత్తి వెడల్పు, 14 అడుగులు, పని తొందరగా తెములుతుంది, ఖర్చూ తక్కువ. సార్వాకి మాత్రం మా బంకమట్టిలో టైర్ దిగబడిపోతుంది. చైన్ మిషన్ బార్ రెండు మీటర్లే కాబట్టి టైం ఎక్కువ పడుతుంది, గంట అద్దె కూడా ఎక్కువే, కానీ బరువు చైన్ పొడవునా పడుతుంది గనక తడి నేలలోనూ నడుస్తుంది. పడిపోయిన చేను కూడా కోస్తుంది, కాకపోతే చేను వాలిన దిక్కుకి ఎదురు నడపాలి, ఈ మాట డ్రైవర్‌కి మనమే దగ్గరుండి చెప్పాలి.

గింజ పోయేది కూడా డ్రైవర్ చేతిలోనే ఉంది. ఎకరం లెక్కన మాట్లాడితే పరిగెత్తిస్తాడు, వెనకాల గడ్డిలో గింజ పోతుంది. మొదటి సాలు అవ్వగానే మిషన్ ఆపించి వెనక పడ్డ గడ్డి దులిపి చూడండి, నిండు గింజలు రాలుతుంటే స్పీడు తగ్గించమనండి, ఫ్యాన్ గాలి కూడా చూసుకోమనండి. 2025-26లో మామూలు రకానికి మద్దతు ధర క్వింటా 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా దాదాపు 1,777, ఎకరాకి ఒక్క బస్తా గడ్డిలో పోయినా కౌలు రైతుకి అది చిన్న దెబ్బ కాదు.

విత్తనానికి ఉంచుకునే మడిని మాత్రం నేను మిషన్‌కి ఇవ్వను. ముందు చేలో కోసిన వేరే రకం గింజలు లోపల ఉండిపోయి మన దాంట్లో కలుస్తాయి, మరుసటి ఏడు కేళీలు (కలిసిపోయిన వేరే రకం మొక్కలు) తీయలేక చావాలి. తప్పదనుకుంటే మిషన్ ఖాళీగా కాసేపు తిప్పించి, మొదట వచ్చిన ధాన్యం వేరే పెట్టేయండి. పాడి ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి, మిషన్ గడ్డి నలిగిపోతుంది, చేత్తో కోసిన గడ్డిలా వామి వెయ్యడానికి కుదరదు.

ఇక అసలు కష్టం కోత అయ్యాకే. చేత్తో కోసినప్పుడు పన మీదే గింజ ఆరేది, ఇప్పుడు పచ్చిది పచ్చిదిగా వచ్చేస్తుంది, కొనుగోలుకేమో తేమ 17 శాతం దాటకూడదు. అందుకే సార్వా కోతలప్పుడు పుంతరోడ్ల మీద, కాలవ గట్ల మీద ఎక్కడ చూసినా ధాన్యమే, ఆరబెట్టడానికి మనుషులు, బరకాల అద్దె, మబ్బేస్తే పరుగులు, కోతలో మిగిలిన డబ్బు సగం అక్కడే పోతుంది. కోత మిషన్లు ఊళ్లోకి చాలానే వస్తున్నాయి, ఇప్పుడు మాకు కావాల్సింది ఊరికో డ్రయ్యర్, లేదంటే కనీసం సిమెంటు కళ్లం.