12, 42: మా లోకల్ రైలులో ఆరేళ్లు

మా స్టేషన్ నుంచి ప్రతి గంటకీ 12 నిమిషాలప్పుడు ఒక రైలు, 42 నిమిషాలప్పుడు ఒక రైలు బయలుదేరుతుంది. పొద్దున 6:12 అయినా, మధ్యాహ్నం 2:42 అయినా, రాత్రి 9:12 అయినా అంతే. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క సంగతి గురించే. కొత్త బోగీలు, ఏసీ, కార్డు తాకిస్తే తెరుచుకునే గేట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు.

ఆరేళ్లుగా ఈ లైన్‌లో రోజూ వెళ్లొస్తున్నాను. మొదటి మూడున్నరేళ్లు రద్దీ వేళల్లో గంటకో రైలు ఉండేది, మిగతా వేళల్లో అదీ లేదు. 7:05కి ఒకటి, 8:20కి ఒకటి, 9:10కి ఇంకొకటి, ఆ తర్వాత రెండు గంటలు ఖాళీ. టైమ్‌టేబుల్ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకునేదాన్ని. సాయంత్రం మీటింగ్ ఐదు నిమిషాలు సాగితే చాలు, టెన్షన్ మొదలయ్యేది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నా కళ్లు గోడ గడియారం మీదే ఉండేవి.

రెండున్నరేళ్ల కింద రైళ్ల సంఖ్య రెట్టింపు చేసి, అరగంటకొకటి చొప్పున ఒకే వరసలో పెట్టారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నెదర్లాండ్స్‌లో 1970లో, స్విట్జర్లాండ్‌లో 1982లో దేశమంతటికీ ఇలాంటి టైమ్‌టేబుల్ తెచ్చారు. కానీ చదివి తెలుసుకోవడం వేరు, రోజూ అందులో బతకడం వేరు. వారం తిరిగేసరికి ఆ ఫొటో తీసేశాను. రెండంకెలు గుర్తుంటే చాలు. ఒక రైలు తప్పినా అరగంటలో ఇంకొకటి ఉంది. ఆదివారం కూడా అవే నిమిషాలు. అంతకుముందు ఆదివారాలు రైలెక్కడం మాట అటుంచి, రైలుందన్న ఆలోచనే వచ్చేది కాదు. లైబ్రరీకి వెళ్లడం, సాయంత్రం స్నేహితుల్ని కలవడం, చీకటి పడ్డాక నిశ్చింతగా తిరిగి రావడం, ఇవన్నీ ఆ రెండంకెల వల్లే నాకు మళ్లీ అలవాటయ్యాయి. ఇంత చిన్న మార్పుకి ఇంత సంతోషం కలుగుతుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన రోజు గురించి.

పోయిన వానాకాలం, ఒక మంగళవారం. సిటీలో సాయంత్రం 6:35కి ఎక్కాను. మా వైపు చివరి 9 కిలోమీటర్లు ఇంకా సింగిల్ లైనే, వచ్చే రైళ్లకీ పోయే రైళ్లకీ ఒకటే దారి. అది మొదలయ్యే స్టేషన్ ఔటర్‌లో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం లైట్లు కనపడుతూనే ఉన్నాయి, నాలుగు వందల మీటర్లు కూడా ఉండదు. పది నిమిషాల దాకా ఎవరూ తలెత్తలేదు. తలుపు పైనున్న బోర్డు మీద తర్వాతి స్టేషన్ పేరు, దాని పక్కన "1 నిమిషం" అని ఉంది. అరగంట గడిచినా ఆ ఒక్క నిమిషం అలాగే ఉంది. అనౌన్స్‌మెంట్ లేదు. స్పీకర్‌లో ఒకసారి గరగరమంది, అంతే.

నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన లేచి, "ఏమ్మా, దిగి నడిచిపోదామా? ఆ కనపడేదే కదా ప్లాట్‌ఫారం" అన్నారు. "వద్దు బాబాయ్, పక్క లైన్లో ఏ బండి వస్తుందో మనకి తెలియదు" అన్నాను. ఆయన కూర్చున్నారు గానీ వెనక బోగీలో ఎవరో తలుపు బలవంతంగా తెరవడానికి చూస్తున్నారని అరుపులు వినపడ్డాయి. ఆ క్షణంలో నాకు నిజంగా భయమేసింది. రైలు ఆగినందుకు కాదు, ఎవరూ ఏమీ చెప్పనందుకు.

ముప్పై ఐదు నిమిషాలకి గార్డు టార్చిలైటు పట్టుకుని బోగీలోంచి బోగీలోకి నడుచుకుంటూ వచ్చారు. భుజాలు తడిసి ఉన్నాయి. "పాయింట్, అదే బండి దారి మార్చే పట్టా, లాక్ అవ్వట్లేదండీ. లాక్ అయినట్టు ఇండికేషన్ రాకపోతే సిగ్నల్ ఇవ్వరు. మనుషులు బయలుదేరారు, ఇంకో ముప్పావు గంట పట్టొచ్చు. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఇప్పుడే చెప్పండి" అన్నారు. అంతే, తర్వాతి బోగీకి వెళ్లిపోయారు. బోగీ అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఇళ్లకి ఫోన్లు చేసుకున్నారు. పెద్దాయన చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నారు. ఆ నాలుగు మాటలు మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పి ఉంటే ఆ తలుపు దగ్గర గొడవే ఉండేది కాదు.

కారణం తర్వాత ప్లాట్‌ఫారం మీద సిబ్బంది మాట్లాడుకుంటుంటే తెలిసింది. దారి మార్చే పట్టాకీ దాని పక్క పట్టాకీ మధ్య ఒక కంకర రాయి ఇరుక్కుంది. ఆ సందు కొన్ని మిల్లీమీటర్లు ఉన్నా పాయింట్ సరిగ్గా పడినట్టు లెక్క కాదు, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. అలా ఉండటమే మన ప్రాణాలకి క్షేమం కూడా. చివరికి పాయింట్‌ని చేత్తో తిప్పి, బిగించి, డ్రైవర్‌కి కాగితం మీద అనుమతి రాసిచ్చాక రైలు మనిషి నడక వేగంతో కదిలింది. మొత్తం గంటా ఇరవై నిమిషాలు.

నా ఫిర్యాదు ఆ రాయి మీద కాదు. రాయి ఎక్కడైనా ఇరుక్కుంటుంది. ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. ఆ 9 కిలోమీటర్లు ఒక రైలు దాటి, దారి ఇంకో రైలుకి ఇవ్వడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. గంటకో రైలున్న రోజుల్లో వచ్చేదీ పోయేదీ కలిపి గంటలో 20 నిమిషాలే లైన్ నిండేది. ఇప్పుడు 40 నిమిషాలు నిండుతోంది. మిగిలిన 20 నిమిషాల్లోనే గూడ్స్ బండ్లు దూరాలి. పాత రోజుల్లో పది నిమిషాల ఆలస్యం తర్వాతి గంటలో కరిగిపోయేది. ఇప్పుడు కరగడానికి చోటే లేదు. మాది ఆగితే ఎదురు రైలు ఆగుతుంది, అది ఆగితే సిటీ నుంచి బయలుదేరాల్సిన రైలుకి బోగీలే ఉండవు. ఆ రాత్రి అలా ఒకదాని వెనక ఒకటి జారి, ఆఖరి రైలు రద్దయింది.

ఆ నెలాఖరున స్టేషన్‌లో అంటించిన సమయపాలన లెక్కలో ఆ రాత్రి కనపడలేదు. ఆలస్యమైన రైళ్లు లెక్కలో ఉన్నాయి, రద్దయిన రైలు లేదు. ఇది మా దగ్గరే కాదు. జర్మనీలో 6 నిమిషాల లోపు ఆలస్యమైతే సమయానికి వచ్చినట్టే. రద్దయిన రైలు ఆ శాతంలోకి రాదు. స్విట్జర్లాండ్‌లో 3 నిమిషాలు దాటితే ఆలస్యమే. ఏ కొలతతో కొలిచినా, రాని రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికే ఎక్కువ ఆలస్యమవుతుంది. ఆ మనిషిని లెక్కలోంచి తీసేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఈ మాటే ఫిర్యాదు పుస్తకంలో రాశాను.

ఒక్కటి మాత్రం ఆ తర్వాత బాగుపడింది. ఇప్పుడు రైలు ఔటర్‌లో ఐదు నిమిషాలు దాటి ఆగితే ఎందుకు ఆగిందో స్పీకర్‌లో చెబుతున్నారు. ప్రతిసారీ కాదు, చాలాసార్లు.

కొత్త టైమ్‌టేబుల్ వచ్చిన మొదటి ఆరు నెలలు ఆఫీసులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ రైలు గురించి చెప్పాను. "అరగంటకొకటి, కళ్లు మూసుకుని ఎక్కేయొచ్చు" అన్నాను. ఇప్పుడు అలా అనను. నికరంగా చేరాల్సిన పని ఉంటే ఒక రైలు ముందే ఎక్కమంటాను. పరీక్షో, ఆసుపత్రి అపాయింట్‌మెంటో ఉంటే రెండు రైళ్ల ముందు. అలా లెక్కేస్తే అరగంట ఫ్రీక్వెన్సీ నాకు చేతికిచ్చిన సమయంలో కొంత వెనక్కి పోయినట్టే.

నేను ఈ రైలు మానను. స్టేషన్‌కి నడిస్తే ఏడు నిమిషాల దూరంలో ఉంటాను. అరగంట ఆలస్యంగా వెళ్లినా ఆఫీసులో అడగరు, ఇంట్లో నాకోసం ఎదురుచూసే పసిపిల్లలు లేరు. నా మాట విని రైలుకి మారిన సహోద్యోగి ఒకావిడ ఉంది. ఆమె సాయంత్రం ఆరున్నరకల్లా బిడ్డని క్రెష్ నుంచి తెచ్చుకోవాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమయ్యేసరికి మళ్లీ స్కూటర్ తీసింది. ఆమెకి నచ్చజెప్పడానికి నా దగ్గర మాట లేదు.

సింగిల్ లైన్ పక్కన రెండో లైన్ కోసం మట్టి కట్ట పోస్తున్నారు. రోజూ కిటికీ పక్క సీటు వెతుక్కుని అది ఎక్కడిదాకా వచ్చిందో చూస్తాను. మొన్నటికి వాగు ఒడ్డు దాకా వచ్చింది. వంతెన పని ఇంకా మొదలవలేదు.