ఎయిర్‌ఫీల్డ్ కట్టడం: వేగంగానా, నెమ్మదిగానా?

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రపు పోరు మీద వచ్చిన ‘వార్ ఇన్ ది పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్’ లాంటి కంప్యూటర్ వ్యూహ గేముల్లో ఓడలెన్ని ఉన్నా, చివరికి ఆటను తిప్పేది ఎయిర్‌ఫీల్డులే. మరి గేమ్ రూల్స్ వాటిని ఎంత వేగంగా కట్టనివ్వాలి?

వేగంగా కట్టనిస్తే ఆట ఊపందుకుంటుంది. ఇంజనీర్లు దిగిన కొద్ది రోజులకే బాంబర్లు లేస్తాయి, కొత్తవాళ్లకు విసుగు రాదు. కానీ జపాన్ పక్షం ఆడేవాడు 1942లోనే ప్రతి చిన్న దీవినీ కోటగా మార్చేస్తాడు. ఏ దీవి వదులుకోవాలి అన్న టెన్షనే మిగలదు.

నెమ్మది పద్ధతిలో ఆ టెన్షన్ నిలుస్తుంది. పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవినే చూడండి. జపాన్ కూలీలు రన్‌వేని దాదాపు పూర్తి చేసే వేళకి, 1942 ఆగస్టు 7న అమెరికన్ మెరీన్లు దిగారు. వాళ్ల సొంత యంత్రాలు చాలావరకు ఓడల్లోనే వెనక్కి వెళ్లిపోయాయి. జపాన్ వాళ్లు వదిలేసిన రోలర్లు, లారీలతోనే మిగతా పని కానిచ్చారు. ఆగస్టు 20న మొదటి ఫైటర్లు దిగాయి. గేమ్‌లో నాకు కావాల్సింది సరిగ్గా ఈ ఉత్కంఠే.

అయితే అంతా నెమ్మదైతే పసిఫిక్‌లోనే ఉన్న టినియన్ దీవిలో జరిగినట్టు గేమ్‌లో సాధ్యం కాదు. 1944–45లో అక్కడ సీబీలు (అమెరికా నేవీ నిర్మాణ దళాలు) పగడపు రాయి తవ్వి పోసి, ఒక్క నార్త్ ఫీల్డ్‌లోనే బి-29 భారీ బాంబర్ల కోసం 8,500 అడుగుల రన్‌వేలు నాలుగు వేశారు.

నా ఓటు నెమ్మదికే, ఒక షరతు మీద: వేగం మనుషుల సంఖ్యను బట్టి కాదు, బుల్డోజర్లు, సరఫరాను బట్టి పెరగాలి. సరఫరా ఓడ మునిగితే పని ఆగిపోవాలి.